కత్తిరి మధ్యాహ్నాల్లో పుస్తకం చదవడం ఎలా?

తిరుపతిలో మే నెల మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలో పని పెట్టుకోలేం. మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా సాగే కత్తిరి రోజుల్లో శేషాచలం బండలు పొద్దంతా కాగుతాయి, పొద్దుగూకాక కూడా వేడి వదులుతూనే ఉంటాయి. కత్తిరి పోకముందే రోహిణి కార్తె వచ్చిపడుతుంది. రోహిణికి రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

పన్నెండు నుంచి నాలుగున్నర దాకా ఎవరూ మన ఇంటికి రారు, మనమూ ఎవరింటికీ పోము. అంగళ్లు సగం మూసి ఉంటాయి. పిల్లలకు బడి లేదు. ఏడాది మొత్తంలో ఇంత ఖాళీ వేళ ఇంకెప్పుడూ దొరకదు. చాలా ఇళ్లలో దాన్ని ఫోను చూస్తూ, ఎండను తిట్టుకుంటూ పోగొట్టుకుంటున్నారు. ఆ వేళను పుస్తకానికి ఇవ్వండి. ఏసీ ఉండాలని లేదు, డబ్బు పెద్దగా ఖర్చు కాదు. కొంచెం ముందుచూపు మాత్రం కావాలి. ఎలాగో వరసగా చెబుతాను.

పుస్తకాలు ఏప్రిల్‌లోనే ఇంటికి చేరాలి

మే నెలలో పుస్తకం కోసం ఎండన పడి వెళ్లాలంటే మీరు వెళ్లరు. కాబట్టి ఏప్రిల్ నెలాఖరుకల్లా కనీసం నాలుగైదు పుస్తకాలు చేతిలో ఉంచుకోండి.

మొదట పోవలసింది మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అంటే ఆ బీరువాల్లోని పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే. సభ్యత్వానికి కొద్దిపాటి డిపాజిట్టు, చిరునామాకు ఒక రుజువు చాలు. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. సాధారణంగా శుక్రవారం సెలవు. వెళ్లే ముందు వేళలు ఒకసారి కనుక్కోండి. పేపర్లు చదివే బల్లల దగ్గరే ఆగిపోకుండా లోపలి బీరువాల దాకా వెళ్లండి. కథా సంపుటాలు, పాత నవలలు, ఇప్పుడు అచ్చులో దొరకని యాత్రా చరిత్రలు అక్కడే ఉంటాయి. ఏ పుస్తకం కావాలో తెలియకపోతే అక్కడ పనిచేసేవాళ్లను అడగండి. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి, అడిగితే సంతోషంగా వెతికి ఇస్తారు.

కొనాలనుకుంటే టీటీడీ ప్రచురణల కౌంటర్లు మరిచిపోకండి. పెద్ద పెద్ద సంపుటాలు కూడా అందుబాటు ధరల్లో ఉంటాయి. పాత పుస్తకాలు కొనేటప్పుడు మధ్యలో విప్పి చూడండి, చివరి ఫారం, అంటే పదహారు పేజీల కట్ట, ఉందో లేదో చూడండి. కథ చివరి పదహారు పేజీలు లేవని కత్తిరి మధ్యాహ్నం తెలిస్తే ఆ బాధ చెప్పలేం.

ఏవి తెచ్చుకోవాలి? ఒక లావుపాటి నవల, రెండు కథల పుస్తకాలు, పిల్లలు తాము ఏరుకున్నవి రెండు, ఇంట్లో అందరూ కలిసి వినడానికి పనికొచ్చేది ఒకటి. వాటిలో ఒక్కటైనా మన జిల్లా రచయితది ఉండాలని నా గట్టి కోరిక. మామిడి మండీతో పేరుపడ్డ దామలచెరువులో బడిపంతులుగా ఉంటూ కథలు రాసిన మధురాంతకం రాజారాంకు 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాకాల మీదుగా పోయే బస్సులో మనం చూసే పల్లెల మనుషులు ఆ కథల్లో నడుస్తూ కనిపిస్తారు. తెలిసిన ఊరిని అచ్చులో చదివితే కలిగే ఆనందం వేరు.

ఒక చోటు చూసుకోండి

ఇంట్లో అన్ని గదులూ ఒకే తీరుగా కాగవు. పడమటి గోడ ఉన్న గది, మిద్దె కిందే ఉన్న గది మధ్యాహ్నానికి పొయ్యి అవుతాయి. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది ఉంటే అదే మీ చోటు. లేదంటే నడవ, మెట్ల కింది భాగం కూడా పనికొస్తుంది.

కిటికీలు ఉదయం తొమ్మిదికల్లా మూసేయండి. గాలి కావాలని తెరిచి ఉంచితే లోపలికి వచ్చేది వేడిగాలే. సాయంత్రం బయట చల్లబడ్డాక తెరవండి, రాత్రంతా తెరిచే ఉంచండి. ఎండ నేరుగా పడే కిటికీకి బయటి వైపు తడక గానీ పాత దుప్పటి గానీ కట్టండి. లోపలి కర్టెను కన్నా బయటి అడ్డం ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దం దాటకముందే ఆగిపోతుంది. వట్టివేళ్ల తడక దొరికితే మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లండి. గది చల్లబడుతుంది, ఆ వాసనకు మనసూ నెమ్మదిస్తుంది. తడిపినప్పుడు మాత్రం కొంచెం గాలి ఆడే సందు వదలండి, లేకపోతే ఉక్కపోస్తుంది.

సొంత ఇల్లయితే మిద్దె మీద సున్నం వేయించండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. కింద గదిలో తేడా మీకే తెలుస్తుంది.

దూది పరుపు, ఫోము పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుతాయి. నేల తడిగుడ్డతో తుడిచి, ఆరాక చాప పరుచుకోండి. నులకమంచం ఉన్నవాళ్లు అదృష్టవంతులు, కింది నుంచి కూడా గాలి తగులుతుంది. వెలుతురు వెనక నుంచో పక్క నుంచో పుస్తకం మీద పడేలా కూర్చోండి. గది చీకటిగా ఉండాలి, పేజీ మీద మాత్రం వెలుగు ఉండాలి. కిటికీ రెక్కను నాలుగు వేళ్ల సందు తెరిస్తే ఆ వెలుగు వస్తుంది.

కుండ పెట్టండి

ఫ్రిజ్ నీళ్లు తాగితే నాకు దాహం తీరినట్టుండదు. కుండ నీళ్లు తాగుతూ చదివే మధ్యాహ్నమే వేరు.

కొత్త కుండను సబ్బుతో కడగొద్దు. మట్టి గోడలోని సన్నటి రంధ్రాల్లో సబ్బు చేరి వాసన పోదు. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, నిండా నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచి పారబోయండి. ఇంకోసారి అలాగే చేసి, మూడో విడత నుంచి తాగండి. కుండ చల్లగా ఉండేది ఆ రంధ్రాల వల్లే. నీళ్లు పైకి ఊరి, గాలికి ఆవిరవుతూ కుండలోని వేడిని తీసుకుపోతాయి. అందుకే రంగు పూసిన కుండ, మెరుగు పెట్టిన కుండ కొనొద్దు. అందంగా ఉంటాయి, చల్లబరచవు.

కుండను గాలి తగిలే మూల, తడి ఇసుక మీద పెట్టండి. చుట్టూ తడి గుడ్డ చుడితే ఇంకా మంచిది. మన వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు రంధ్రాలకు పట్టి కుండ మునుపటంత చల్లబరచదు. వారానికోసారి బయటి వైపు కొబ్బరి పీచుతో రుద్దండి. గుప్పెడు వట్టివేళ్లు కడిగి, పల్చటి గుడ్డలో మూటకట్టి లోపల వేసుకోవచ్చు. రెండు మూడు రోజులకోసారి తీసి ఎండబెట్టి మళ్లీ వేయండి.

ఇంట్లో కూర్చున్నా చెమట పోతూనే ఉంటుంది. చదవడంలో పడి నీళ్లు మరిచిపోతాం కాబట్టి చెంబు పుస్తకం పక్కనే ఉండాలి. అయితే పుస్తకం కన్నా తక్కువ ఎత్తులో పెట్టండి.

నన్నారి ఇంట్లోనే కాయండి

నన్నారి అంటే సుగంధిపాల వేళ్లతో కాచే షర్బత్తు. బజారులో సీసాల్లో దొరికేవాటిలో కొన్నింటికి రంగు, ఎసెన్సు తప్ప ఆ వేళ్ల వాసనే ఉండదు. నాటుమందుల అంగట్లో సుగంధిపాల వేళ్లు అడగండి. మంచి వేరును గోటితో గీరితే సువాసన ముక్కుకు కొట్టాలి. వాసన లేకపోతే పాతదని అర్థం.

వంద గ్రాముల వేళ్లు మట్టి పోయేదాకా కడగండి. రోట్లో నలగ్గొట్టి, మధ్యలో ఉన్న గట్టి పుల్ల తీసిపారేయండి. వాసనంతా పైబెరడులోనే ఉంటుంది. ఆ బెరడును లీటరు వేడినీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా నానబెట్టండి. పొద్దున సన్న మంట మీద పావుగంట కాచి వడకట్టండి. అందులో కిలో చక్కెర వేసి, కరిగి కొంచెం జిగురు వచ్చేదాకా కాచి, దించే ముందు ఒక నిమ్మకాయ రసం పిండండి. నిమ్మరసం వేస్తే చక్కెర గడ్డకట్టదు. చల్లారాక గాజు సీసాలో పోసుకోండి.

గ్లాసుకు రెండు మూడు చెంచాల పాకం, అర చెక్క నిమ్మకాయ, పావుగంట ముందు నానబెట్టిన సబ్జా గింజలు, మిగతా కుండ నీళ్లు. షుగరు ఉన్నవాళ్లకు ఇది వద్దు. వాళ్లకు అల్లం, కరివేపాకు నలిపి వేసిన పల్చటి మజ్జిగ కలపండి. రాగి అంబలి రాత్రే కాచి కుండలో ఉంచితే పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో అందరికీ సరిపోతుంది, పొట్టా బరువెక్కదు. బరువైన భోజనం చేసి పుస్తకం పట్టుకుంటే రెండో పేజీకే కళ్లు మూతలు పడతాయి. కత్తిరి రోజుల్లో మధ్యాహ్నం అన్నం తగ్గించి తినడమే మంచిది.

మామిడికి ఒక వేళ, పుస్తకానికి ఒక వేళ

చిత్తూరు మామిడి సీజనులో ఏ పండు ఎప్పుడు వస్తుందో తెలిస్తే రోజు సర్దుకోవడం సులువు. మే నెలంతా బేనీషాలు, అంటే బంగినపల్లి. ఇమాంపసంద్ కొద్దిరోజులే ఉంటుంది, కనిపించినప్పుడే కొనాలి. జూన్ నుంచి తోతాపురి, ఆ వెనకాలే నీలం. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది గానీ, అది దోరగా ఉన్నప్పుడు ముక్కలు కోసి ఉప్పూ కారమూ చల్లుకుని తింటే ఆ రుచికి సాటి లేదు. పులుపు తక్కువ, కరకరలాడుతుంది.

పండిన పండు కాకుండా ముదిరిన కాయ కొని ఇంట్లో మాగబెట్టుకోండి. గంపలో గానీ అట్టపెట్టెలో గానీ వరిగడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పండి. ఎండ తగలని మూల పెట్టి రోజూ ఒకసారి చూడండి. తొడిమ దగ్గర వాసన వస్తే తయారైనట్టే. ఆరేడు రోజులు పడుతుంది. కాయంతా ఒకే పసుపు రంగులో మెరుస్తూ, తొడిమ దగ్గర వాసన లేకుండా ఉంటే అనుమానించండి. కార్బైడుతో మాగబెట్టడం నిషేధం, అయినా పూర్తిగా ఆగలేదు. తినే ముందు అరగంటో గంటో నీళ్లలో వేసి ఉంచండి.

పండు తింటూ చదవొద్దు. మామిడి రసం పేజీకి అంటితే మరక పోదు, చీమలు పడతాయి, గ్రంథాలయం పుస్తకమైతే తర్వాత చదివేవాళ్లకు అన్యాయం. మూడున్నర నాలుగింటికి పుస్తకం మూసి, అందరూ కూర్చుని పండ్లు తిని, చేతులు సబ్బుతో కడుక్కుని మళ్లీ తెరవండి. పుస్తకం దగ్గర తినగలిగింది వేయించిన చెనక్కాయలు ఒక్కటే. అవైనా పొట్టు తీసినవి.

చదవండి, వినిపించండి

మొదటి గంట మౌనంగా ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవాలి. ఫోను వేరే గదిలో పెట్టండి. ఇది మాత్రం గట్టిగా పాటించండి, పెద్దవాళ్లు మొదట. లావు నవల ఈ గంటకే. మొదటి ముప్పై నలభై పేజీలు పేర్లు, చుట్టరికాలు కలగాపులగంగా ఉంటాయి. ఒక చీటీ మీద ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకుని, ఆ చీటీనే పేజీ గుర్తుగా పెట్టుకోండి. నచ్చని పుస్తకం యాభై పేజీల తర్వాత కూడా లాగలేకపోతే పక్కన పెట్టేయండి. ఎండాకాలంలో పరీక్ష రాయడం లేదు మనం. మధ్యలో నిద్ర వస్తే పడుకోండి. పుస్తకం గుండెల మీద పెట్టుకుని పోయే అరగంట కునుకు కూడా ఈ వేసవి ఇచ్చే సుఖమే.

రెండో గంట బిగ్గరగా చదవడానికి. ఇది మన ఇళ్లలో దాదాపు పోయింది. దాన్ని మళ్లీ తెచ్చుకోవాలని నాకు చాలా ఆశ. వేసవిలో ఇంట్లో చేతులు ఖాళీగా ఉండవు. చింతపండు గింజలు తీయాలి, ఊరగాయకు ముక్కలు కొట్టాలి, ఒడియాలు ఏరి డబ్బాలకెత్తాలి. చేతులు పనిలో ఉన్నప్పుడు చెవులు ఖాళీయే కదా. ఒకరు చదివితే నలుగురు వింటారు. కళ్లు సరిగా ఆనని అవ్వకు, తాతకు ఇది మందు కన్నా ఎక్కువ. కథ ఆపి నీళ్లు తాగడానికి లేస్తే, "ఆ పిల్ల ఏమైపోయిందిరా అబ్బోడా, చెప్పి పో" అని అవ్వ అడుగుతుంది. ఆ ప్రశ్న వచ్చిందంటే మీరు చదివింది బాగా చేరిందన్నమాట.

బిగ్గరగా చదవడానికి కథను ఎంచుకునే పద్ధతి ఉంది. పది పన్నెండు పేజీలు మించకూడదు. పేజీకి రెండు నిమిషాల చొప్పున అరగంటలోపు అయిపోవాలి. మాటలు ఎక్కువగా ఉన్న కథ తీసుకోండి, వర్ణన ఎక్కువైతే వినేవాళ్లు జారిపోతారు. మన యాసలో రాసింది దొరికితే యాసలోనే చదవండి, పుస్తకాల భాషలోకి దిద్దొద్దు. గొంతులు మార్చి నాటకం ఆడక్కర్లేదు. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా ఒక్క క్షణం ఆగితే చాలు. ముందురోజు ఒకసారి మనసులో చదువుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. పెద్ద కథైతే ఆసక్తి బాగా పెరిగిన చోట ఆపేయండి, మర్నాడు అందరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటారు.

పిల్లల గురించి ఒక మాట. రోజుకు పది పేజీలు చదవాలని లెక్క పెట్టకండి, పుస్తకం మళ్లీ హోంవర్కు అయిపోతుంది. ఇంగ్లిషు మీడియం పిల్లలకు తెలుగు చదవడం కష్టంగా ఉంటే, ఒక వాక్యం మీరు, ఒక వాక్యం వాళ్లు చదవండి. తప్పు చదివితే వెంటనే దిద్దకుండా, పేరా అయ్యాక మీరు మళ్లీ సరిగ్గా చదివి వినిపించండి. సాయంత్రం బయటికి తీసుకెళ్లినప్పుడు బస్టాండు దగ్గర బోర్డులు చదివించండి. తిరుపతిలో తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిషు పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ అక్షరం ఏ భాషదో పోల్చుకోవడం పిల్లలకు మంచి ఆట. సెలవుల్లో గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు నడుస్తాయి, కథలు చెప్పిస్తారు, చదివిస్తారు. ఏప్రిల్‌లో పుస్తకాలకు వెళ్లినప్పుడే వివరాలు అడిగి పేరు రాయించండి.

పొద్దుగూకాక మిద్దె మీదికి

ఆరు దాటాక మిద్దె మీద నీళ్లు చల్లండి. మొదట ఆవిరి లేస్తుంది, అరగంట ఆగి రెండోసారి చల్లితే అప్పుడు చాప పరుచుకోవచ్చు. తిరుమల దారి దీపాలు కొండ మీద వరసగా వెలుగుతుంటాయి. అక్కడ చదవడానికి దీపం పెట్టుకోవద్దు, పురుగులు చేరతాయి. వాన పడిన రోజైతే ఉసుళ్లు వదలవు. మిద్దె మీద చదవడం కాదు, మధ్యాహ్నం చదివింది చెప్పుకోవడం. పిల్లల్ని కథ మళ్లీ చెప్పమనండి. వాళ్లు వేరే ముగింపు పెడితే పెట్టనివ్వండి.

మే నెలలో గంగమ్మ జాతర వారం ఈ పద్ధతిని మొత్తం పక్కన పెట్టేయండి. చాటింపు వేశాక ఊరు దాటకూడదంటారు, చుట్టాలు వస్తారు, వీధుల్లో రోజుకో వేషం. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వైపు జనాన్ని చూడటమే ఆ వారం చదువు. పిల్లలకు బైరాగి వేషమో బండ వేషమో వేయించి తీసుకెళ్లండి. ఆ వేషాల వెనక కథ అవ్వల చేత చెప్పించుకుని, జాతర అయ్యాక పిల్లల చేత రెండు పేజీలు రాయించండి.

జూన్ వచ్చాక

బడులు తెరిచే ముందు పుస్తకాలు ఒకసారి దులపండి. నేరుగా ఎండలో పెట్టొద్దు, కాగితం పచ్చబడుతుంది, అట్ట జిగురు పగులుతుంది. నీడలో గాలికి ఆరబెట్టి, బీరువాలో ఎండిన వేపాకు పరిచి సర్దండి. గోడకు ఆనించకుండా రెండు వేళ్ల సందు ఉంచితే వానాకాలం చెమ్మ తగలదు. గ్రంథాలయం పుస్తకాలు గడువులోపు తిరిగి ఇచ్చేయండి. పూర్తికానిది ఉంటే గడువు పొడిగించమని అడగండి. నీలం పండ్లు జూలై దాకా వస్తాయి కాబట్టి, ఆదివారం మధ్యాహ్నాలకు ఇంకో రెండు పుస్తకాలు తెచ్చుకోవచ్చు.